తుప్పు ఎవరిది

పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే అందరూ దొంగల కథలే అడుగుతారు. వాళ్లను నిరాశపరచడం నాకు అలవాటైపోయింది. నేను ఒక్క దొంగను కూడా పట్టుకోలేదు. నేను ఆర్మరర్‌ని, అంటే పోలీసుల తుపాకులు చెడిపోతే బాగు చేసేవాణ్ని. కాల్చి కాల్చి అరిగిపోతే బాగు చేస్తామేమో అనుకునేరు. మన తుపాకులకు అంత కష్టం ఉండదు. పరేడ్‌లో భుజాల మీద ఊరేగుతాయి, బందోబస్తులో వానకు తడుస్తాయి, మిగతా కాలమంతా బీరువాలో నిద్రపోతాయి. నేను వాటికి నూనె పూసి మళ్లీ నిద్రపుచ్చేవాణ్ని. ఇంత సాహసోపేతమైన ఉద్యోగం చేసి, ఇప్పుడు అలిపిరి దగ్గర చిన్న ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే కొండ మెట్ల వైపు నడిచి, మోకాళ్లు ఒప్పుకున్నంత దూరం పోయి వెనక్కి వస్తాను.

కొత్తగా ఆయుధాగారాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, తుప్పు ఎట్లా వదలగొట్టాలి సార్ అని అడుగుతుంటారు. కిరసనాయిలు, నూనె, ఓపిక అని చెబుతాను. కానీ తుప్పు వదలడం సులభమే. తుప్పు ఎవరిదో తేలడమే కష్టం. అది నాకు ఒక పెద్దమ్మ రైఫిల్ నేర్పింది. ఊరి పేరు, స్టేషన్ పేరు చెప్పను. అందులో ఉన్న మనుషులు ఇప్పటికీ పెన్షన్లు తీసుకుంటున్నారు, వాళ్ల ప్రశాంతత చెడగొట్టడం నాకిష్టం లేదు.

ఆ పెద్దమ్మది పలమనేరు దాటి అడవి అంచున ఉన్న పల్లె. టమాటా తోట, రెండు పాడి ఆవులు, దాటితే అడవి. ఆ అడవిలోంచి ఏనుగులు దిగుతాయి. తోటలో పడితే ఒక్క రాత్రిలో ఏడాది కష్టం నేలమట్టమవుతుంది. వాటిని భయపెట్టడానికి ఆమె మామ ఎప్పుడో లైసెన్సు తీసుకుని ఒక రైఫిల్ కొన్నాడు. మామ తర్వాత మొగుడికి, మొగుడి తర్వాత ఆమెకు లైసెన్సు మారింది. ఊళ్లో ఆమెను తుపాకామె అంటారు. ఏనుగు అలికిడి వినబడితే చుట్టుపక్కల తోటలవాళ్లు మొదట ఆమె తలుపే తట్టేవాళ్లట. ఆమె మంచె ఎక్కి ఆకాశం మీదికి ఒక గుండు కాల్చేది. ఏనుగులు అడవిలోకి, మనుషులు పడకల్లోకి వెళ్లిపోయేవాళ్లు.

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో జమ చేయాలి కదా. ఆమె కూడా చేసింది. ప్రజాస్వామ్యానికి ప్రమాదం కాకుండా ఆ రైఫిల్‌ను గోనెసంచిలో చుట్టి, స్టేషన్ వెనక గదిలో మూలన నిలబెట్టారు. ఎన్నికలు అయిపోయాయి. ఓట్లు లెక్కపెట్టారు. దండలు వేశారు, పాత ఫొటోలు దించి కొత్తవి తగిలించారు. ఆ రైఫిల్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె పోయి అడిగినప్పుడల్లా ఎస్సైగారు బందోబస్తులో ఉండేవారు. ఒకసారి మంత్రిగారి బందోబస్తు, ఒకసారి తిరుమల బ్రహ్మోత్సవాల బందోబస్తు, ఇంకోసారి ఆ బందోబస్తుల అలసట తీర్చుకునే సెలవు. గది తాళంచెవి కూడా ఆయన వెంటే బందోబస్తుకు పోయేదట.

ఈలోగా ఈశాన్య వానలు మొదలయ్యాయి. ఆ వెనక గది పైకప్పు కారుతుందని స్టేషన్‌లో అందరికీ తెలుసు. అందుకే అందులో కుర్చీలు, కాగితాలు, ఫ్యాన్లలాంటి విలువైన వస్తువులేవీ ఉంచేవాళ్లు కాదు. తుపాకీనే కదా, ఉంచారు. తడిసిన గోనె ఇనుముకు చేసే అపకారం చెరువులో పడేసినా జరగదు. నీళ్లను పట్టుకుని వదలదు. చివరికి తాళం తీసి గోనె విప్పితే, లోపల రైఫిల్ ఆకారంలో ఎర్రటి మట్టికడ్డీ ఒకటి కనిపించింది.

స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ ఆమెకు దాన్ని అందించి, చాలా పాతది గదమ్మా, ఇంతే ఉంటాది అన్నాడట. ఆమె దాన్ని తీసుకుని ఇంటికి పోయిందట. ఊరికే పోయిన మనిషి ఊరుకుందని వాళ్లు పొరబడ్డారు.

తర్వాతి సోమవారం ఆమె ఆ రైఫిల్‌ను పాత చీరలో చుట్టుకుని, జిల్లా పెద్ద అధికారి అర్జీలు తీసుకునే హాలుకు వచ్చింది. ద్వారం దగ్గర లోహాన్ని పసిగట్టే యంత్రం ఒకటి ఉండేది. అది తాళంచెవులకూ, టిఫిన్ క్యారియర్లకూ, ఒక్కోసారి ఏమీ లేకపోయినా కూసేది. కాబట్టి దాని మాట ఎవరూ పట్టించుకోరు. కాపలా కానిస్టేబుల్ ఆ మూటలో ఏముందని అడిగాడట. తుపాకి నాయనా, అని ఆమె ఉన్నమాట చెప్పింది. అవ్వ సరదా మనిషి అనుకుని అతను నవ్వి లోపలికి పంపించాడు. తన వంతు వచ్చాక ఆమె చీర విప్పి రైఫిల్‌ను బల్ల మీద పెట్టింది. ముందు వరసలో కూర్చున్న వివిధ శాఖల అధికారులు ఆ క్షణంలో చూపించిన చురుకుదనం వాళ్ల సర్వీసులో మళ్లీ చూపించి ఉండరని, చూసినవాళ్లు చెప్పారు.

పెద్ద అధికారి మాత్రం కదలకుండా ఏం కావాలమ్మా అని అడిగారు.

"నేను ఇచ్చినబ్బుడు అద్దం మాదిర ఉండె సారూ. ఇచ్చింది ఇచ్చినట్టు నాకు ఇప్పీండి. ఇంకేం వద్దు."

అట్లా ఆ రైఫిల్ నా బల్ల మీదికి వచ్చింది. పదిహేను రోజుల్లో పూర్వస్థితికి తేవాలని ఆదేశం. పూర్వస్థితి అంటే ఏది, తుప్పు ముందుదా, ఎన్నికల ముందుదా, మామ కొన్నప్పటిదా, అందులో రాయలేదు.

మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, మేం ఆర్.ఐ. గారు అనేవాళ్లం, మంచి మనిషి. ఎవరి మీదా కోప్పడేవారు కాదు, ఎవరి మీదా నింద వేసేవారు కాదు. ఆయన రాసే వాక్యాల్లో కర్త ఉండేవాడు కాడు. అన్నీ వాటంతటవే జరిగేవి. ఈ రైఫిల్ గురించి కూడా, వర్షాల కారణంగా తేమ చేరి స్వల్పంగా తుప్పు ఏర్పడటం జరిగినది అని రాశారు. స్టేషన్ నుంచి వచ్చిన జవాబు ఇంకా బాగుంది. ఆయుధం జమ చేయబడినప్పటికే దానికి తుప్పు పట్టే స్వభావం కలదని గమనించబడినది అట. ఇనుముకు తుప్పు పట్టే స్వభావం ఉందని మా శాఖ కనిపెట్టిన సందర్భం అదే. వానదీ తప్పు కాదు, కప్పుదీ కాదు, గోనెదీ కాదు. ఇనుమే చేతగాక తుప్పు పట్టింది.

కాగితాలు అట్లా తిరుగుతుంటే నేను పని మొదలుపెట్టాను. మొదట దాన్ని తొట్టెలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. బోల్ట్, అంటే తూటాను లోపలికి నెట్టి బిగించే కడ్డీ, అది కూర్చునే గూటితో కలిసి ఒకే ముద్ద అయిపోయింది. సుత్తితో కొడితే కదులుతుంది, విరుగుతుంది కూడా. రోజూ కాసిని చుక్కలు నూనె వేసి, మెల్లగా వేడి చేసి, చేత్తో కదిపి చూసి వదిలేసేవాణ్ని. ఒకరోజు పొద్దున అది పండు తొడిమ ఊడినట్టు చేతిలోకి వచ్చింది. లోపలి స్ప్రింగు పొడి పొడి అయిపోయింది, కొత్తది వేశాను. గొట్టం లోపల దీపం పెట్టి చూస్తే అక్కడక్కడా గుంటలు ఉన్నాయి కానీ, లోతు లేవు. ఎవరో ఆ గొట్టాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా నూనె పెట్టి కాపాడారు. ఆ పాత నూనె పొరే దాన్ని మా శాఖ చేతుల్లోంచి బతికించింది.

ఆ ఎవరో ఎవరో నాకు త్వరలోనే తెలిసింది. ఆ పెద్దమ్మ పొద్దున బస్సుకు వచ్చి, ఆయుధాగారం బయట వేపచెట్టు కింద కూర్చునేది. రోజూ కాదు, పాలు పోసి ఆవులను పక్కింటివాళ్లకు అప్పగించి రాగలిగిన రోజుల్లో. లోపలికి రానివ్వకూడదు కాబట్టి కిటికీ దగ్గర నిలబడి చూసేది. మొదటి రోజే నేను వాడుతున్న నూనె వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. చెక్కకు అవిసె నూనె పెట్టాలనీ, ఎండలో కాదు నీడలో ఆరబెట్టాలనీ చెప్పింది. అది నాకు తెలియని సంగతి కాదు. అయినా సరే పెద్దమ్మా అన్నాను. ఆమెతో వాదించడానికి సోమవారం ముందు వరసవాళ్లకే ధైర్యం చాలలేదు, నేనెంత.

మధ్యాహ్నం రాగి సంగటి ముద్ద, ఊరిబిండి విప్పుకుని తినేది. నాకూ కొంచెం ఆకులో పెట్టి కిటికీలోంచి అందించేది. ఊరిబిండి అంటే వేరుశనగ, ఎండుమిరప వేసి రోట్లో నూరే పచ్చడి. అది తిన్నాక మా క్యాంటీన్ సాంబారు మీద నాకు గౌరవం పోయింది.

ఒకరోజు అడిగాను, ఇంత పాతదాని కోసం ఇన్నిసార్లు తిరగడం ఎందుకు పెద్దమ్మా, కొత్తది కొనుక్కోవచ్చు కదా అని.

"కొత్తదాన్ని ఏం సేసుకునేది?" అంది. అంతకుమించి చెప్పలేదు. నేనూ ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి అని మీకు చెప్పను, నేనే అప్పుడు గుర్తుపెట్టుకోలేదు.

ఇక్కడ మా హెడ్ కానిస్టేబుల్ గురించి చెప్పాలి. ఆయుధాగారంలో నాకు సహాయంగా ఉండేవాడు. చాలా ఏళ్లు నాతో కలిసి పనిచేశాడు. భక్తిపరుడు. శుక్రవారం ఇంట్లో ఇత్తడి సామానంతా చింతపండుతో తళతళలాడించి గానీ ఆఫీసుకు వచ్చేవాడు కాదు. తళతళ అంటే అతనికి ప్రాణం. బెల్టు బకిల్, బూట్లు, తాళం కప్పలు, చివరికి మా ఆయుధాగారం తలుపు గొళ్లెం కూడా మెరిసేవి. లోపల తుపాకులు పనిచేస్తాయా లేదా అన్నది నా బాధ్యత, మెరుస్తాయా లేదా అన్నది అతనిది. మా మధ్య ఏనాడూ గొడవ రాలేదు.

నేను ఏదో పని మీద తిరుపతి వెళ్లాల్సి వచ్చింది. పోతూ, రైఫిల్ పైభాగం సన్నటి ఉక్కు నారతో నూనె వేసి మెల్లగా రుద్దమని అతనికి చెప్పాను. అతను రుద్దాడు. ఉక్కు నారతో పని నెమ్మదిగా సాగుతోందని గరుకైన ఉప్పుకాగితం తీసుకున్నాడు. ఉప్పుకాగితం కూడా నెమ్మదేనని, బండి పనులకు వాడే గరుకు చక్రం తిప్పాడు. మరునాడు నేను వచ్చేసరికి రైఫిల్ వెండి గ్లాసులా మెరుస్తోంది. అతని ముఖం అంతకంటే మెరుస్తోంది.

చూశాను. చూసి, స్టూలు మీద కూర్చున్నాను.

తుపాకీ మీద నంబరు ఉంటుంది. ఆ నంబరే దానికి పేరు, ఊరు, కులగోత్రాలు. లైసెన్సులో అదే నంబరు ఉంటుంది. నంబరు లేని తుపాకీ దగ్గర ఉంచుకుంటే నేరం. నంబరు చెరిపితే అంతకంటే పెద్ద నేరం, జైలుకు పంపిస్తారు. అట్లా చెరిపింది పోలీసువాళ్లే అయితే ఏం చేయాలో చట్టంలో రాయలేదు. బహుశా రాసినవాళ్లకు మా హెడ్డు పరిచయం లేకపోయి ఉంటుంది.

గొట్టం మొదట్లో, నంబరు ఉండాల్సిన చోట అద్దంలాంటి నున్నటి ఇనుము. అందులో నా ముఖం కనిపించింది. ఒక పేద రైతు మనిషి లైసెన్సు ఆయుధాన్ని మేం సొంత ఖర్చుతో, సొంత శ్రమతో దొంగ తుపాకీగా మార్చాం.

ఆర్.ఐ. గారికి చెప్పాం. ఆయన కలం మూత తీసి, కర్త లేని వాక్యం కోసం వెతికారు. నంబరు అదృశ్యమవడం జరిగినది అని రాస్తే ఎట్లా ఉంటుందని అడిగారు. ఎక్కడికి అదృశ్యమైందని అడిగితే ఏం చెబుతారు సార్ అన్నాను. హెడ్డు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇద్దరు కూతుళ్ల చదువులు, రెండేళ్లలో రిటైర్మెంట్, అన్నీ ఆ గోడ మీద అతనికి కనిపిస్తున్నాయి కాబోలు.

సరిగ్గా ఆ రోజే పెద్దమ్మ వచ్చింది. దాచడానికి ప్రయత్నించాం. నీడలో ఆరబెట్టాం, ఇవాళ చూడకూడదు అన్నాను. ఆమె కిటికీ దగ్గరే నిలబడింది. చివరికి నేనే తెచ్చి కిటికీ అంచున పెట్టాను. మెరుపును ఆమె మెచ్చుకోలేదు. బొటనవేలితో గొట్టం మొదట్లో తడిమింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"నంబరు యాడికి పోయె నాయనా?"

ఆర్.ఐ. గారు మా వెనక నుంచి, పాలిష్‌లో కొంచెం ఇదైంది అన్నారు. ఆమె ఆయన వైపు చూడలేదు. ఆ నంబరు మొత్తం గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చదువు రాని మనిషి. మామ ఆమెకు అంకెలు నేర్పింది ఆ తుపాకీ మీదే అట. అదొక్కటీ తప్ప వేరే అంకెలతో తనకు పని పడలేదు అంది.

"తుప్పు పట్టిచ్చినారు, సరే. పేరు కూడా సెరిపేస్తిరే."

కోపంగా అని ఉంటే మాకు బాగుండేది. ఆమె చాలా మామూలుగా అంది. హెడ్డు అప్పుడు గోడ వైపు నుంచి ఇటు తిరిగి, నేనే అమ్మా, నా చేత్తోనే అన్నాడు. మా ఆయుధాగారంలో కర్త ఉన్న వాక్యం నేను విన్నది ఆ రోజే. ఆర్.ఐ. గారు ఉలిక్కిపడ్డారు. పెద్దమ్మ అతన్ని కొంచెంసేపు చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. అతను తినలేదు. ఆమె సంగటి మూట విప్పింది.

తిన్నాక అతను చేయి కడుక్కుని వచ్చి, ఏదో ఒక పని చేయాలి కాబట్టి, రైఫిల్‌కు ఉన్న చెక్క విప్పడం మొదలుపెట్టాడు. అవిసె నూనె పెట్టాలి కదా. మరలు ఊడదీసి, గొట్టాన్ని చెక్క మీద నుంచి పైకి లేపాడు. గొట్టం అడుగున, చెక్కకు ఆనుకుని ఉండే చోట, ఎండిపోయి నల్లబడిన పాత గ్రీజు ముద్ద. దాన్ని గుడ్డతో తుడిచి, అక్కడే ఆగిపోయాడు. నన్ను పిలవలేదు కూడా. నేనే వెళ్లి చూశాను. ఆ గ్రీజు కింద అదే నంబరు, పైన చెక్కినట్టే, అంకె అంకె చెక్కుచెదరకుండా ఉంది. కొన్ని రైఫిళ్లకు తయారుచేసినవాళ్లే అడుగున కూడా వేస్తారు. అన్నింటికీ వేయరు. దీనికి వేశారు. హెడ్డు ఆ రాత్రి తన తళతళలాడే దీపాలకు ఎన్ని ఒత్తులు ఎక్కువ వేశాడో నాకు తెలియదు.

పెద్దమ్మ కిటికీలోంచి చేయి పెట్టి తడిమి, అవునంది.

ఆ తర్వాత పైన మళ్లీ నంబరు కొట్టడానికి అనుమతి కావాలి. అడుగున ఉన్న నంబరును చూసి నిర్ధారించేందుకు అధికారులు వచ్చారు, వంగి చూశారు, నడుము పట్టుకుని లేచారు. అనుమతి వచ్చింది. పంచ్‌తో అంకెలు కొట్టే పని తనకే ఇవ్వమని హెడ్డు అడిగాడు. ఇచ్చాను. మూడు అంకె కొంచెం పక్కకు ఒరిగింది. దాన్ని చూసి పెద్దమ్మ, మా మామ మూడు కూడా అట్లే ఏసేవాడు, వంకరగా, అంది. నిజమో, అతని కోసం అందో, నేను అడగలేదు. హెడ్డు మాత్రం అప్పటి నుంచి గరుకు చక్రం జోలికి పోలేదు.

గొట్టానికి మళ్లీ నల్లటి పూత వేశాను. చెక్కకు పొర మీద పొర నూనె పట్టించాం. అంతా అమర్చాక చూస్తే, నిజం చెబుతున్నాను, మా ఆయుధాగారంలో ఉన్న వాటన్నింటికంటే అదే బాగుంది. మా తుపాకుల కోసం ఎవరూ సోమవారం అర్జీ పెట్టరు కదా.

చివరికి కాల్చి చూసే రోజు వచ్చింది. ఊరి బయట గుట్ట పక్కన మా ఫైరింగ్ రేంజ్. ఆర్.ఐ. గారు వచ్చారు. బందోబస్తుల మధ్య తీరిక చేసుకుని ఆ స్టేషన్ ఎస్సైగారు కూడా వచ్చారు. ఆయన చాలా మర్యాదస్థుడు, పెద్దమ్మకు నమస్కారం పెట్టారు. ఆమె ఆయన్ను చూడటం అదే మొదటిసారి కాబట్టి, ఈ సారు ఎవరని నన్ను అడిగింది. చెప్పాను. ఓ, తాళంచెవి సారా, అంది.

గుంటలున్న గొట్టం కాబట్టి మొదటి గుండు మనిషి భుజానికి ఆనించి కాల్చకూడదు. రైఫిల్‌ను బండకు కట్టి, ట్రిగ్గర్‌కు తాడు కట్టి, ఇసుక మూటల వెనక నుంచి లాగాను. పేలింది. ఆర్.ఐ. గారు అప్పటికి మూటల కింద ఎంత లోతుకు పోయారంటే, పేలింది సార్, బయటికి రండి అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. గొట్టం చూశాను, గూడు చూశాను. ఎక్కడా పగులు లేదు. ఇంకో గుండు. అదీ బాగానే పోయింది.

మూడోది నేను భుజానికి ఆనించి కాల్చాను. ఆ దెబ్బ నాకు ఇప్పటికీ గుర్తుంది. మంచి తుపాకీ తోసే తోపు వేరుగా ఉంటుంది, మొండిగా కాకుండా నిండుగా.

లైసెన్సుదారు కూడా ఒకటి కాల్చి చూసుకోవాలని ఆర్.ఐ. గారే అన్నారు. ముసలామె భయపడి వద్దంటుంది, కాగితంలో సంతృప్తి చెందడం జరిగినది అని రాసుకోవచ్చు అని ఆయన ఆలోచన. ఆమె కొంగు బిగించి రైఫిల్ తీసుకుంది. బోల్ట్ లాగింది, తూటా వేసింది, భుజానికి ఆనించింది. ఎక్కడా తడబాటు లేదు. ఆనించి, గొట్టాన్ని నేరుగా ఆకాశం మీదికి ఎత్తింది.

మళ్లీ మూటల కిందికి పోయారు ఆర్.ఐ. గారు. ఎస్సైగారు కూడా ఈసారి ఆయనకు తోడయ్యారు. రేంజ్‌లో పైకి కాల్చకూడదు పెద్దమ్మా, ఎదురుగా మట్టి గుట్టలోకి కాల్చాలి, అని నేను వెనక నుంచి మెల్లగా చెప్పాను.

"నాకు పైకి కాల్సేదే వచ్చు నాయనా. దేన్నీ గురి సూసి కొట్టింది లేదు ఈ సేత్తో," అంది. చేయి దించి, ఎదురుగా ఉన్న గుట్టలోకి కాల్చింది. మట్టి లేచింది. ఆ చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చేదాకా అట్లాగే నిలబడి వింది.

తర్వాత కూర్చుని, నా దగ్గర గుడ్డ తీసుకుని, తన చేత్తోనే గొట్టం తుడిచింది. నూనె పెట్టింది. అంతా అయ్యాక లేచి, రైఫిల్‌ను రెండు చేతులతో ఎత్తి ఎస్సైగారికి అందించింది.

"ఇదో సారూ. ఇంక పెట్టుకోండి."

మాకెవరికీ అర్థం కాలేదు. ఎన్నికలు లేవు కదమ్మా ఇప్పుడు అన్నారు ఎస్సైగారు.

అప్పుడు చెప్పింది. మోకాళ్లు పోయాయి, మంచె ఎక్కలేకపోతోంది. అడవి అంచున తోటను వేరేవాళ్లకు గుత్తకు ఇచ్చేసింది. కొడుకులు బెంగళూరులో బండ్లు తోలుకుంటున్నారు, వాళ్లకు తుపాకీ వద్దు. అందుకే ఎన్నికలకు జమ చేసిన రోజే, ఇంక నాకు తిరిగి ఇవ్వద్దు, మీ దగ్గరే ఉంచుకోండి అని స్టేషన్‌లో చెప్పిందట. ఎన్నికలప్పుడు అట్లా తీసుకోకూడదు, అయిపోయాక వచ్చి ఒప్పజెప్పు అన్నారట. అందుకే వచ్చింది. అందుకే అన్నిసార్లు తిరిగింది. ఒప్పజెప్పడానికి.

"మరి తుప్పుదాన్నే ఒప్పజెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా," అన్నారు ఆర్.ఐ. గారు. పాపం, ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

"ఎట్ట ఒప్పజెప్తాను సారూ? తుపాకామె తుప్పు పట్టిన తుపాకి తెచ్చి పారేసిపోయింది అని రాసుకోరా మీరు? మా మామ దాన్ని బిడ్డ మాదిర సాకినాడు. మా ఇంటాయన సాకినాడు. నా కాడికి వచ్చినాక కుళ్లిపోయిందంటారా?"

ఇన్ని కాగితాలు రాశాం, ఇన్ని విచారణలు జరిపాం. నీకు ఈ తుపాకీ ఎందుకమ్మా అని మాలో ఒక్కరైనా సరిగ్గా అడిగి, జవాబు దాకా ఆగి ఉంటే బాగుండేది. తుప్పు గురించి మాకు తెలియనిది లేదు, ఆమె గురించే ఏమీ తెలియదు.

ఒప్పజెప్పాక దీన్ని ఏం చేస్తారని ఆమె నన్ను అడిగింది. అబద్ధం చెప్పాలనిపించింది. అద్దాల పెట్టెలో పెడతాం అనవచ్చు. కానీ ఆమె ముందు అంత తేలిక కాదు. ఒప్పజెప్పిన తుపాకులను కొన్నాళ్ల తర్వాత ముక్కలుగా కోసేస్తాం పెద్దమ్మా అన్నాను. కోసేది నేనే అని కూడా చెప్పాను.



"కోయండి. బాగుండేదాన్ని కోసినామని రాయండి. సాలు."

ఆర్.ఐ. గారు ఆ మాట రాశారు. పూర్తిగా పనిచేసే స్థితిలో ఉన్న ఆయుధం అని. ఉత్తర్వు రావడానికి కొన్ని నెలలు పట్టింది. ఆమెకు కబురు చెప్పాల్సిన పని లేదు కానీ చెప్పాం. వచ్చింది. ఈసారి కిటికీ దగ్గర నిలబెట్టలేదు, హెడ్డు లోపల స్టూలు వేశాడు.

నేను కోశాను. తుప్పు పట్టినవి చాలా కోశాను నా సర్వీసులో, అవి బిస్కెట్లలా తెగుతాయి. ఇది తెగలేదు. రంపం బ్లేడు రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మధ్యలో ఆగి చెమట తుడుచుకుంటుంటే పెద్దమ్మ, మంచి ఇనుము అబ్బా, అంది. అవును మంచి ఇనుము అన్నాను.

అంతా అయ్యాక ముక్కలను మూటగట్టి ముద్ర వేశాం. వెనక భాగపు చెక్క మిగిలింది. దాన్ని చూపించి, ఇది ఇనుము కాదు గదా, నేను తీసుకుపోవచ్చా, అని అడిగింది. నియమం ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. ఆర్.ఐ. గారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటి వేపచెట్టును చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

ఏం చేస్తావు పెద్దమ్మా దీన్ని అన్నాను.

"పొయ్యిలో పెట్టి నీళ్లు కాంచుకుంటాను."

నేను, హెడ్డు ఇద్దరం బస్టాండు దాకా తోడు వెళ్లాం. పలమనేరు బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో లేచి సీటిచ్చారు. కూర్చుని ఆ చెక్కను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి.